పడదంటే ఎలా పడదు

"పడదంటే ఎలా పడదమ్మా? కడుపా, దద్దుర్లా, ఊపిరా?"

పథ్యమక్క ఫోనులో అందరినీ ఇదే అడుగుతుంది. ఆ ప్రశ్న ఆమెకు ఎవరో నేర్పింది కాదు. చేరిన కొత్తలో ఒకావిడ "మా వారికి వంకాయ పడదు" అంటే, అయ్యో పాపం అని ఆయనకి వేరే వంట చేయించింది. తీరా వడ్డించాక చూస్తే ఆ మహానుభావుడు పక్క బల్ల మీంచి వంకాయ ముక్కలు అడిగి తెప్పించుకుని తింటున్నాడు. పడనిది ఆయనకు కాదు, ఆవిడకి. మన మాటల్లో ఈ పడకపోవడం అంత తేలిగ్గా తెగే వ్యవహారం కాదు. ఒకరికి చన్నీళ్లు పడవు, ఒకరికి ఎదురింటివాళ్లు పడరు, తోడికోడళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. వీళ్లందరి మధ్యా ఎక్కడో ఒకరికి మాత్రం తిన్న మరుక్షణం పెదవి వాచి గొంతు మూసుకుపోతుంది. ఆ ఒక్కరినీ ఏరి పట్టుకోవడమే ఆమె ఉద్యోగం.

ఆ ఉద్యోగానికి మెడలో వేలాడే కార్డు మీద పెద్ద పేరే ఉంది గానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు. థీమ్ పార్కు లోపల రిసార్టు, రిసార్టులో మూడు రెస్టారెంట్లు. రేపు దిగబోయే అతిథులకు ముందురోజే ఫోను చేసి, ఎవరు ఏం తింటారో ఏం తినరో కనుక్కుని వంటింటికి చెప్పాలి. పథ్యాలు చూసుకునే అక్క కాబట్టి పథ్యమక్క. ఆమె గది పెద్ద రెస్టారెంటు వెనక, అంట్లు తోమే చోటుకీ సరుకుల గదికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కిటికీ లేదు. బయట రోలర్ కోస్టరు పైనుంచి దూకినప్పుడల్లా బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతాయి, గోడ అవతల జనం ప్రాణాలు పోతున్నట్టు కేకలు పెడతారు. డబ్బులిచ్చి మరీ పెడతారు. ఇక్కడ కేకలకు ఎవరూ తల తిప్పరు.

ఆరోజు ఫోనులో ఉన్నావిడ గొంతు సన్నగా ఉంది. "పాపకి జీడిపప్పు పడదండీ" అంది మొదట. అక్క తన ప్రశ్న అడిగింది. అవతల వెనక నుంచి ఒక మగగొంతు, "ఎంతసేపు ఆ ఫోను? తిండి సంగతి అక్కడికి పోయాక చూసుకోవచ్చుగా!" అంటోంది. "ఒక్క నిమిషమండీ" అని అటు చెప్పి, ఆవిడ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, చేయరాని తప్పేదో చేసినట్టు నెమ్మదిగా అంది.

"ఊపిరండీ. ఇదివరకు ఒకసారి అయింది. సూదిమందు వెంట పెట్టుకునే తిరుగుతాం."

"భయపడకండమ్మా. నేను చూసుకుంటాను."

ఆ మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. అనేసి, కంప్యూటర్లో పాప పేరు పక్కన బంగారు నక్షత్రం నొక్కింది.

ఈ నక్షత్రం సంగతి కాస్త చెప్పాలి. మొన్నమొన్నటిదాకా పళ్లేల్లో గుచ్చడానికి మూడు రంగుల పుల్లలుండేవి. ఎర్ర పుల్ల పడనివాళ్లకి, పచ్చ పుల్ల తిననివాళ్లకి, తెల్ల పుల్ల ఊరికే వద్దన్నవాళ్లకి. అక్క, వంటింటి బాబాయి కలిసి పెట్టుకున్న పద్ధతి అది. బాబాయంటే ఈ పథ్యపు వంటలు చేసే పెద్దాయన. వంటింటి చివర ఆయనకొక వేరు పొయ్యి, వేరు గరిటెలు, వేరు చాకు ఉండేవి. ఆ మూలకి ఇంకెవరూ రాకుండా కాపలాకి ఆయన నోరుండేది. పాలు, వెన్న, తేనె కూడా ముట్టని వీగన్లు వస్తారని మొదటిసారి చెప్పినప్పుడు, "అంటే ఏంటమ్మాయ్, అవిశ్వాస తీర్మానంలాగా వీగిపోయినవాళ్లా?" అన్నాడు. ఆ తర్వాత ఆయనే వాళ్లకోసం మీగడ లేకుండా, నానబెట్టిన జీడిపప్పు వెన్నలా రుబ్బిపోసి పుట్టగొడుగుల సూపు కాచేవాడు. వీగన్ల బల్ల మీంచి వెనక్కొచ్చిన పళ్లెంలో ఎప్పుడైనా రొయ్యతోక కనిపిస్తే మాత్రం, "అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు!" అని వంటిల్లంతా వినిపించేలా అరిచేవాడు.

కొత్త సారు మేనేజరుగా వచ్చాక పుల్లలు పోయాయి. ఫోటోల్లో బాగుండటం లేదన్నాడు, అతిథుల మధ్య తేడా చూపినట్టుంటుందన్నాడు. వేరు పొయ్యి ఉన్నచోట ఐస్‌క్రీము కౌంటరు వెలిసింది. ఎరుపూ పచ్చా తెలుపూ అన్నీ కలిపి ఒకటే బంగారు నక్షత్రం, నక్షత్రం ఉన్నవాళ్లందరికీ ఒకటే వంట. "మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు లేవు, గోధుమ లేదు. ఇంక పడకపోవడానికి ఏముందయ్యా అందులో?" అన్నాడు. జీడిపప్పు ఉంది సార్ అని బాబాయి నసిగితే, "పప్పే కదా! పప్పు పడనివాళ్లుంటారా ఎక్కడైనా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. అక్క కూడా నవ్వే ఉంటుంది. పైవాళ్లు జోకు వేస్తే నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే.

అందుకని ఆరోజు ఫోను పెట్టేశాక ఆమె లేచి వంటింటికి వెళ్లింది. బాబాయి ఇప్పుడు వేపుళ్ల పొయ్యి దగ్గర, నూనె ఆవిరిలో కళ్లు చికిలించుకుని నిలబడుతున్నాడు.

"రేపు మధ్యాహ్నం నక్షత్రాల్లో ఒక చిన్నపిల్ల ఉంది బాబాయ్. జీడిపప్పు. ఊపిరి."

"ఊపిరా?" అని జల్లిగరిట పక్కన పెట్టాడు. "సరే, దానికి నేను విడిగా చిన్న గిన్నెలో కాస్తాలే. నువ్వు దిగులు పడకు."

ఆమె దిగులు పడటం మానేసింది. మర్నాడు పొద్దున్నే బాబాయిని వ్యానెక్కించి, కొలను పక్క రెస్టారెంటులో ఎవరిదో పుట్టినరోజు విందుకి పంపేశారన్న సంగతి ఆమెకు తెలియదు.

*

మర్నాడు మధ్యాహ్నం ఫోనులో ఉండగా కేక వినిపించింది. ఎప్పటి కేకే అనుకుంది. గ్లాసులో నీళ్లు కదలలేదు. అది చూసి కూడా, అవతలి ముసలాయన ఏ దుంప తనకి వాతమో ఏ దుంప కాదో చెబుతుంటే ఊఁ కొడుతూ కూర్చుంది. పక్కన అంట్లు తోమేచోట చప్పుడు ఆగిపోయినప్పుడు మాత్రం లేచింది. పని వేళలో ఆ చప్పుడు ఆగడం ఆమె ఎన్నడూ ఎరగదు.

హాల్లోకి వెళ్లేసరికి ముందు కనిపించింది ఎలుగుబంటి. పార్కుకి గుర్తు అదే. గోధుమరంగు బొచ్చు, ఎర్ర చొక్కా, చెవినుంచి చెవిదాకా నవ్వు. భోజనాల వేళ బల్లల మధ్య తిరుగుతూ పిల్లలతో ఫోటోలు దిగడం దాని పని. అదిప్పుడు రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది, గెంతుతోంది, ఒక బల్లవైపు చూపిస్తూ చేతులు చరుస్తోంది. చుట్టూ పిల్లలు దానితోపాటు గెంతుతూ చప్పట్లు కొడుతున్నారు. ఎవరో తండ్రి కుర్చీ ఎక్కి వీడియో తీస్తున్నాడు.

అది చూపిస్తున్న బల్ల పక్కన ఒకావిడ నేల మీద చతికిలబడి, హ్యాండ్‌బ్యాగు బోర్లించి వెతుకుతోంది. ఒళ్లో పాప తల వెనక్కి వాలిపోయి ఉంది. పెదవులు ఉబ్బి, కళ్లు సన్నటి గీతలైపోయి, గొంతులోంచి ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది.

"ఎవరైనా రండి. ఎవరైనా రండీ." ఆ సన్నటి గొంతు అక్క గుర్తుపట్టింది.

సూదిమందు దొరికింది. పాప తొడమీద ఆవిడే గుచ్చింది. సరిగ్గానే గుచ్చింది. భర్త మాత్రం "డాక్టరు! డాక్టరు ఎక్కడ!" అని బల్లల మధ్య అటూ ఇటూ పరిగెడుతున్నాడు. అక్క మోకాళ్ల మీద కూర్చుని పాప కాళ్లు పైకెత్తి పట్టుకుంది. చిన్న కాళ్లు, గులాబీ మేజోళ్లు. అంబులెన్సు వచ్చేసరికి పాప ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తోందంటే ఊపిరి ఆడుతోందని అర్థం. ముందు గేటు దగ్గర ఊరేగింపు నడుస్తోందని, బండిని వెనక గేటునుంచి పోనిమ్మన్నాడు కొత్త సారు.

బల్ల మీద సూపు గిన్నె మిగిలింది. అంచున బంగారు నక్షత్రం. అక్క చిటికెన వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. చిక్కగా, కమ్మగా ఉంది. జీడిపప్పే.

ఎలుగుబంటి ఇంకా అక్కడే, చేతులు వేలాడేసుకుని నిలబడి ఉంది. ముఖం నవ్వుతూనే ఉంది. ఆ బొచ్చు లోపల ఉన్నది ఆమె మొగుడు.

*

వేషాలు వేసేవాళ్లకు ఆ పార్కులో ఒకటే నియమం. జనంలో ఉండగా తల తీయకూడదు, నోరు విప్పకూడదు. ఎలుగు మాట్లాడితే పిల్లల నమ్మకం పోతుందట. ఈ నియమం తప్పి, వడదెబ్బకి కళ్లు తిరుగుతున్నాయని తల తీసిన ఉడతని అప్పటికప్పుడు ఇంటికి పంపారు. అక్క మొగుడు ఇన్నేళ్లుగా ఒక్క మాటా జారలేదు. వేషం విప్పినా అందరూ ఆయన్ని ఎలుగనే పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు అక్క కూడా అలాగే పిలుస్తుంది. మనిషి చూస్తే సన్నగా పొడుగ్గా ఉంటాడు, కుడి మోకాలు ఒంగదు.

సాయంత్రాలు క్వార్టర్స్ మెట్టు మీద కూర్చుని, ఎలుగు తల కాళ్ల మధ్య పెట్టుకుని లోపలి చెమట గుడ్డతో తుడుస్తాడు. నోటి జాలీ దులుపుతాడు. నుదుటి దగ్గర అమర్చిన చిన్న ఫాను తిరుగుతోందో లేదో చూస్తాడు. ఆ పని చేస్తూ వాగుతూనే ఉంటాడు. పగలంతా మూసుకున్న నోరు సాయంత్రం తెరిస్తే ఆగదు. ఏ పిల్లాడు తోక లాగాడు, ఏ తల్లి ఫోటోకి నవ్వి పక్కకి తిరిగి మొగుడి మీద పళ్లు కొరికింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్తాడు. ఆరోజు ఏమీ చెప్పలేదు. ఆస్పత్రి నుంచి కబురొచ్చింది, పాపకి ఫర్వాలేదట, రెండు రోజులు ఉంచుతారట అని అక్క చెబితే, "ఊఁ" అన్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

మర్నాడు పొద్దున కొత్త సారు పిలిపించాడు.

"కూర్చోమ్మా" అన్నాడు. ఎప్పుడూ ఎవరినీ కూర్చోమనని మనిషి. కుర్చీ అంచున కూర్చుంది.

"ఫోనులో ఆవిడ ఏమంది?"

"పాపకి జీడిపప్పు పడదు అన్నారండీ."

"పడదు. అంతే కదా? అలర్జీ అనలేదు."

"అలర్జీ అనే మాట అనలేదు గానీ, నేనడిగానండీ, ఎలా పడదూ అని..."

ఆయన చెయ్యి ఎత్తాడు. "ఆగు. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. నాకసలు అబద్ధాలు పడవు. ఆవిడ అన్నమాటే నువ్వు చెప్పు. పడదు అంది. మనం ఇష్టం లేదేమో అనుకున్నాం. ఎవరైనా అలాగే అనుకుంటారు. మా ఇంట్లో నాకు కాకరకాయ పడదు, నేనేం చచ్చిపోతున్నానా?"

"తర్వాత ఊపిరి అన్నారండీ."

కొత్త సారు కుర్చీ ముందుకి జరిపాడు. గొంతు తగ్గించాడు. ఆయన ముఖంలో నిజంగానే జాలిలాంటిది కనిపించింది.

"చూడమ్మా. ఊపిరని ఆవిడ నీతో చెప్పిందనుకో. తెలిసీ తెలిసీ ఆ నక్షత్రం నొక్కింది ఎవరు? నేనా? నీ మంచికే చెప్తున్నా. క్వార్టర్స్‌లో ఇద్దరూ ఉంటున్నారు. ఆయన మోకాలి ఆపరేషన్ కాగితం నా దగ్గరే ఉంది, సంతకం పెట్టి పైకి పంపాలి. ఎల్లుండి హెడ్డాఫీసు నుంచి పెద్ద సారు వస్తారు, పాప అమ్మానాన్నలనీ పిలుస్తున్నాం. ఒక్క మాట. ఆవిడ అన్న ఒక్క మాట."

బయటికొస్తుంటే వంటింటి గుమ్మం దగ్గర బాబాయి ఎదురుపడ్డాడు. ఆమె ఏమీ అడగకముందే మొదలుపెట్టాడు. "నన్నూ అడిగారమ్మాయ్. పొద్దున్నే కొలను దగ్గరికి పంపారు, ఇక్కడ ఏం జరిగిందో నాకు తెలీదు అన్నా. నిజమే కదా?"

"సూపు సంగతి ఎవరికైనా చెప్పి వెళ్లావా బాబాయ్?"

"చెబుదామనే అనుకున్నా." ఆయన చేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు. అవి తడిగా లేవు. "వ్యాను వాడు హారను మీద హారను కొట్టేశాడు."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ అందరి పిడికిట్లోనూ ఉంది, ఎవరూ గుప్పిట విప్పరు. అలాగని ఎవరూ అబద్ధమూ ఆడటం లేదు. అక్కకి అన్నిటికంటే అదే ఎక్కువ భయం వేసింది.

ఆ సాయంత్రం మెట్టు మీద మొగుడి పక్కన కూర్చుని, "నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తా" అంది.

"చెప్పి?"

"చెప్పి ఏముంది? ఆవిడ చెప్పింది, నేను విన్నా."

"ఆ పైన సామాను సర్దుకుంటాం. ఎక్కడికి? ఈ మోకాలితో నన్నెవడు పన్లో పెట్టుకుంటాడు?" గుడ్డ విసిరేశాడు. "ఇన్నేళ్లుగా నోరు మూసుకునే మనిద్దరికీ కూడు పెడుతున్నా. నువ్వు ఒక్క పూట మూసుకోలేవా?"

"నువ్వు నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ కాదు. ఇది అలా కాదు" అంది అక్క.

ఆయన ఆమె వైపు చూసిన చూపు ఏమిటో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. కోపం అనుకుంది. ఆయన ఎలుగు తలని తీసుకెళ్లి గదిలో మూల పెట్టాడు. ఎప్పుడూ లేనిది, దాని ముఖం గోడవైపు తిప్పి పెట్టాడు. అన్నం కూడా తినకుండా పడుకున్నాడు.

*

పెద్ద సారు మెత్తటి మనిషి. అందరికీ ముందు మంచినీళ్లు ఇప్పించాడు. పాప తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు. పాపని బయట సోఫాలో కూర్చోబెట్టి రంగుపెన్సిళ్లు ఇచ్చారు. గాజు తలుపులోంచి దాని రెండు జడలు కనిపిస్తున్నాయి. తల్లి కళ్ల కింద నల్లగా ఉంది. అక్క లోపలికి రాగానే ఆవిడ కాస్త లేచినట్టుగా కదిలి, "మీరేనా అండీ ఫోనులో?" అంది. ఆ గొంతులో దిక్కు దొరికినట్టున్న ఆశ వినలేక అక్క తల ఊపి ఊరుకుంది.

"మీరు ఎప్పటినుంచో ఉన్న మనిషి. ఉన్నదే చెప్పండి" అన్నాడు పెద్ద సారు. "ఫోనులో వీరు ఏమన్నారు?"

కొత్త సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"జీడిపప్పు పడదు అన్నారండీ."

అని ఆగింది. ఎవరో ఒకరు తర్వాతి ప్రశ్న అడుగుతారని ఆగింది. తను రోజూ ముక్కూ ముఖం తెలియనివాళ్లని అడిగే ప్రశ్నే. పడదంటే ఎలా పడదని అడిగితే చెప్పేద్దామనుకుంది. అడగనిదే ఎలా చెప్పడం అని కూడా అనుకుంది. పెద్ద సారు తల పంకించి కొత్త సారు వైపు చూశాడు. ఎవరూ అడగలేదు.

అడగకపోగా, పాప తండ్రి భార్య వైపు తిరిగాడు.

"పడదు! పడదంటే ఎవడికి అర్థమవుతుంది? అలర్జీ అనడానికి నోరు రాలేదా నీకు? ఇంట్లోనూ ఇంతేనండీ. మాట నోట్లోనే నానుతూ ఉంటుంది. పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది."

"చెప్పానండీ. ఊపిరి అన్నట్టే గుర్తు. వీరు అడిగారు కూడా." ఆవిడ అక్క వైపు చూసింది.

అక్క బల్ల మీద గ్లాసు వైపు చూసింది. బయట రోలర్ కోస్టరు దూకింది. ఈ గది దూరంగా ఉంది కాబోలు, నీళ్లు కొద్దిగానే కదిలాయి.

ఆవిడ చాలాసేపు అలా చూసి, చూపు దించుకుంది. చీరకొంగు వేలికి చుట్టుకుంది. "అనలేదేమో లెండి" అంది. "మనసులో అనుకున్నానేమో. మీరు పక్కనుంచి తొందరపెడుతుంటే ఫోను పెట్టేశానేమో. నా నోరే అంత."

అప్పుడు తెలిసింది అక్కకి, తను ఏం చేసిందో. రిసార్టు మీదికి మాట రాకుండా కాపాడా అనుకుంది, నా గూడు కాపాడుకున్నా అనుకుంది. అదేమీ కాదు. ఇంక ఈ తల్లి పిల్లకి ముద్ద కలిపిన ప్రతిసారీ, నా నోటి వల్లే కదా అనుకుంటుంది. ఇంట్లోవాళ్లు అనిపిస్తారు కూడా. పిల్ల పెద్దదయ్యాక ఆ మాట అదీ వింటుంది. అలా అనుకోవడానికి ఆవిడకి సాక్ష్యం చెప్పింది తను.

పెద్ద సారు అయిందేదో అయిందన్నాడు, పాప బాగుంది అదే పదివేలన్నాడు. మళ్లీ ఒకసారి మా అతిథులుగా రండి అన్నాడు. పాప తండ్రి లేచి చెయ్యి కలిపాడు.

*

పండ్ల బుట్ట ఒకటి కట్టించి, "నువ్వే తీసుకెళ్లి ఇవ్వమ్మా, ఆప్యాయంగా ఉంటుంది" అన్నాడు కొత్త సారు. ఆపిళ్లు, కమలాలు, మధ్యలో చిన్న ఎలుగుబంటి బొమ్మ, పైన మెరిసే కాగితం, దాని మీద బంగారు నక్షత్రం. గుమ్మం దాటాక అక్క ఆ నక్షత్రం గోటితో పీకేసింది. సగమే ఊడింది.

భర్త కారు తేవడానికి ముందు వెళ్లాడు. తల్లీ కూతుళ్లు గేటువైపు నడుస్తున్నారు. అక్క వెనక నుంచి వెళ్లి బుట్ట అందించబోయింది. పాప చటుక్కున తల్లి చాటుకి నక్కింది.

"ఇందులో ఏముంది?" అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"పండ్లేనమ్మా."

"వద్దు."

తల్లి పాప తల నిమిరి ముందుకి నడిచింది. బుట్టతో ఏం చేయాలో తెలియక అక్క కూడా వాళ్ల వెనకే నడిచింది.

గేటు దగ్గర ఎలుగుబంటి ఉంది. వెళ్లిపోయేవాళ్లకు చెయ్యి ఊపి సాగనంపడం సాయంత్రపు పని. ఎవరికి ఊపుతున్నాడో జాలీలోంచి ఆయనకు సరిగ్గా కనిపించదు. ఎప్పుడూ చెప్పే మాటే అది. తల్లి చెయ్యి విడిపించుకుని పాప దాని ముందుకెళ్లి నిలబడింది. అందరు పిల్లల్లాగా వాటేసుకోలేదు. తలెత్తి దాని నవ్వు ముఖంలోకి చూసింది.

"నాకు ఊపిరి ఆడనప్పుడు నువ్వు డాన్స్ చేశావు" అంది.

ఊపుతున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. గేటు సూపర్‌వైజరు ఇటు చూసి, ఫోటో కాబోలని ముఖం తిప్పుకున్నాడు. ఎలుగు ఒంగని మోకాలిని పక్కకి చాపి, రెండో కాలి మీద మెల్లగా కిందికి దిగింది. పాప ఎత్తుకి వచ్చింది.

"డాన్స్ కాదు తల్లీ" అంది ఎలుగు. "అందర్నీ పిలిచా. చేతులతో పిలిచా. ఎవరూ రాలేదు. నోటితో పిలవాల్సింది. పిలవలేదు."

బొచ్చు లోంచి, ఆ చిన్న ఫాను రొదలోంచి వచ్చిన గొంతు అది. మొన్న మెట్టు మీద ఆయన తనవైపు ఎందుకు అలా చూశాడో అక్కకి ఇప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ కాదని తను ఆయనతోనే అంది.

పాప భయపడలేదు. "అమ్మా, ఎలుగుకి మాటలొచ్చు" అంది.

సూపర్‌వైజరు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని ఇటే పరిగెత్తుకొస్తున్నాడు. ఎలుగు రెండు చేతులతో తల పట్టుకుని పైకి లాగేసింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయిన మనిషి, బొచ్చు ఒంటితో, తల చంకలో పెట్టుకుని, నేల మీద కూర్చుని అక్క వైపు చూశాడు. ఏమీ అనలేదు. అనవలసింది ఇంక ఆమే.

"అమ్మా" అంది అక్క.

తల్లి తిరిగింది.

"మీరు ఊపిరి అన్నారు. ఎలా పడదని నేనడిగా, ఊపిరి అని మీరు చెప్పారు. ఇదివరకు ఒకసారి అయిందని, సూదిమందు వెంట ఉంటుందని కూడా చెప్పారు. చూసుకుంటా అన్నా. చూసుకోలేదు."

ఆవిడ నోరు కొద్దిగా తెరుచుకుంది. "అన్నానా?"

"అన్నారు."

"నేను నిజంగా పైకి అన్నానా?"

"పైకే అన్నారమ్మా. నా చెవులతో విన్నా."

ఆవిడ పాప భుజం మీద చెయ్యి వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ముఖం మెత్తబడలేదు. "మరి అక్కడ ఎందుకు చెప్పలేదు? నేను మీ ముఖంలోకి చూస్తూనే ఉన్నాను కదా!"

ఎవరూ అడగలేదని అనబోయి, అక్క ఆ మాట మింగేసింది. "భయమేసింది" అంది.

ఆవిడ తల ఊపింది. క్షమించినట్టు కాదు. భయం సంగతి తనకి తెలుసన్నట్టు. కొంగుతో ముఖం తుడుచుకుని గేటు బయట ఆగి ఉన్న కారువైపు చూపించింది.

"నాతో చెప్తే ఏం లాభం? ఆయనతో చెప్పండి. నా ముందు చెప్పండి."

అక్క బుట్ట నేల మీద పెట్టింది. వెనకనుంచి కొత్త సారు గొంతు, "ఏమ్మా! ఏమ్మా, ఒక్క నిమిషం ఆగు!" అని పిలుస్తోంది. ఆమె ఆగలేదు. గేటు దాటి కారు దగ్గరికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల రోలర్ కోస్టరు దూకింది. కేకలన్నీ ఒక్కసారి లేచాయి. అవి తగ్గేదాకా ఆగుదామా అని ఒక క్షణం అనిపించింది. ఆగితే మళ్లీ నోరు రాదని కూడా అనిపించింది.

"సార్!" అని అరిచింది. "మీ ఆవిడ చెప్పారండీ! ఊపిరి అనే చెప్పారు!"

లోపల ఆయనకి వినపడలేదు. ఇంజను ఆపి, అద్దం కిందికి దించి, "ఏంటండీ?" అన్నాడు.

ఆమె మళ్లీ చెప్పింది.